నలభై చెత్తబుట్టలు

ఘాట్‌కోపర్‌లోని ఆ ఐదంతస్తుల భవనంలో శేవంతా పందొమ్మిదేళ్లుగా చెత్త ఎత్తుతోంది. నలభై ఇళ్లు. ఎవరి ముఖమైనా మరిచిపోతుందేమో గాని, ఎవరి బుట్టనూ మరిచిపోదు.

జూన్‌లో మూడో అంతస్తుకు ఒక టీచరమ్మ అద్దెకు వచ్చింది. పేరు ప్రమిలా తోరస్కర్, చేపలు తినే మాల్వణ్ తీరం మనిషి. ఇంట్లో చేప, మాంసం, గుడ్డు వండనని సంతకం పెట్టాకే తాళం చేతికిచ్చారు.

వానలు ముదిరాయి. జైనుల ఇళ్లలో చాతుర్మాస్యం, దుంపలు మానేశారు. ఒకరోజు పదకొండు గంటలకు మెట్ల మీద నీచు వాసన.

సొసైటీ సెక్రటరీ ధీరజ్‌లాల్ సేఠ్ శేవంతాను పిలిచాడు.

"మూడొందల రెండు, ఆ టీచరమ్మ బుట్ట విడిగా చూడు. ముల్లు గానీ పెంకు గానీ దొరికితే నాకు తెచ్చివ్వు. ఆదివారం మీటింగులో ఆవిడ్ని ఖాళీ చేయించాలి."

"చూస్తాను సేఠ్."

చూసింది. బెండకాయ తొడిమలు, టీపొడి, కొబ్బరి పీచు. ముల్లు ఉండదని ఆమెకు ముందే తెలుసు. వాసన తన తిండి డబ్బాది.

వానల్లో సముద్రం మీద వేట ఉండదు. ఎండు వానమట్ట చేపలు కాల్చి, వెల్లుల్లితో నూరి, బియ్యపురొట్టెలో పెట్టుకొస్తుంది. ఇన్నేళ్లూ వెనక పంపు గదిలో తినేది. ఈ ఏడు దాని కప్పు కురుస్తోందని మెట్ల కింద, కరెంటు మీటర్ల వెనక కూర్చుంది. చెబితే తన పని పోతుంది. చెప్పకపోతే టీచరమ్మ ఇల్లు పోతుంది.

మర్నాటి నుంచి వానమట్టలు మాని వేరుశనగ పొడి తెచ్చుకుంది. వాసన ఆగిపోవాలి. ఆగలేదు. ఇవాళ ఇంకా ఎక్కువగా ఉందని రెండో అంతస్తు కోకిలా బెన్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం టీచరమ్మ తలుపు తీసేసరికి శేవంతా ఆమె బుట్ట కెలుకుతోంది.

"ఏం వెతుకుతున్నావు మౌశీ?"

"ప్లాస్టిక్ వేరు చేస్తున్నా బాయీ."

"నా ఒక్కదాని బుట్టలోనేనా ప్లాస్టిక్?"

శేవంతా బుట్టలోంచి చేయి తీసింది.

"కాల్చిన వానమట్టల వాసన నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు అది కింది నుంచి వచ్చింది."

శేవంతా బుట్ట మీద మూత పెట్టింది.

"చెబుతారా బాయీ?"

టీచరమ్మ తలుపు వేసుకుంది.

ఆదివారం ఉదయం కార్లు నిలిపే చోట కుర్చీలు వేశారు. టీచరమ్మ వెనక నిలబడింది. శేవంతా చీపురు పట్టుకుని గోడ దగ్గర ఉంది. ఇద్దరూ ఒకరి నోటికేసి ఒకరు చూసుకున్నారు.

"మూడొందల రెండు బుట్టలో ఏమొస్తోంది?" అన్నాడు సేఠ్ శేవంతాతో.

"బెండకాయ తొడిమలు."

"ఇంకా?"

"టీపొడి."

కోకిలా బెన్ నవ్వింది. "దాన్నడుగుతారేంటి భాయ్? ఇద్దరిదీ ఒకటే తిండి. ఒకరినొకరు పట్టిస్తారా?"

"అయితే మిగతా ముప్పై తొమ్మిది బుట్టల సంగతి చెప్పమంటారా బెన్?" అంది శేవంతా. గొంతు పెంచలేదు. "చాతుర్మాస్యంలో ఆలుగడ్డ తొక్కలు పేపర్లో చుట్టి పడేసేదెవరో, గుడ్డు పెంకులు నలిపి టీపొడిలో కలిపేదెవరో. అంతస్తుల వారీగా చెబుతాను."

ఎవరూ చెప్పమనలేదు. భర్తలు భార్యలకేసి చూశారు. పక్కింటివాళ్లు పక్కింటివాళ్లకేసి చూశారు.

"ఈ సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు సేఠ్.

తన డబ్బా సంగతి శేవంతా చెప్పలేదు. టీచరమ్మా చెప్పలేదు.

సోమవారం నలభై బుట్టల్లోనూ సంచుల మూతులు బిగించి కట్టి ఉన్నాయి. టీచరమ్మ సంచికి రెండు ముడులు.

పదకొండుకు శేవంతా మెట్ల కింద డబ్బా విప్పింది. రొట్టె, వేరుశనగ పొడి. మూడో అంతస్తులో చెప్పుల చప్పుడు ఆగింది. ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు మెట్ల సందులోంచి కిందికి వచ్చింది.

"వస్తోంది," అన్నాడు ధీరజ్‌లాల్ సేఠ్.

శేవంతా నమలడం ఆపి, తన వేళ్లు వాసన చూసుకుంది.