తలకింత

మొగుడూ పెళ్లాలుగా విడిపోయినా మేము ఇల్లు విడవలేకపోయాం. పటాన్‌చెరులో ఇద్దరి జీతాల మీద అప్పు తెచ్చి కట్టిన ఇల్లు అది, అప్పు ఇంకా తీరలేదు. అందుకని నేనూ మూడో తరగతి చదివే మా పాపా కింద, అతను పైన ఉండేటట్టు పెద్దమనుషులు తేల్చారు. పాప స్కూలు ఫీజు చెరిసగం అన్నారు. పేచీ వచ్చింది కరెంటు దగ్గర, నీళ్ల ట్యాంకర్ దగ్గర.

"కింద ఇద్దరున్నరు, పైన నేనొక్కణ్ణే. తలకింత వేసుకుందాం. రెండు వంతులు ఆమెవి, ఒక వంతు నాది," అన్నాడు అతను.

బొంతపల్లి నుంచి పంచాయితీకి వచ్చిన వాళ్లన్న తలూపి, "లెక్క సక్కగనే ఉన్నది గదమ్మా," అన్నాడు నాతో.

ఒకే గదిలో కిరాయికుండే బ్యాచిలర్లు కూరగాయల ఖర్చు పంచుకున్నట్టు పంచాడు. కన్న కూతురి తలను నా ఖాతాలో వేసి చేతులు దులుపుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటుంది మా అమ్మ. నేను మాత్రం అదును కోసం ఊరుకున్నాను.

ఆ అదును ఎండాకాలం తెచ్చింది. బోరు ఎండిపోయి ట్యాంకర్ల మీద పడ్డాం. డాబా మీద కిందికొకటి, పైకొకటి రెండు ట్యాంకులు, రెండింటికీ ఒకటే మోటరు. దాని స్విచ్చు నా వరండాలో ఉంది. అతను పనిచేసేది మందుల ఫ్యాక్టరీలో. షిఫ్టు దిగి వస్తే ఒంటికి పట్టిన వాసన రెండు బకెట్లు పోసుకుంటే గాని వదలదు, ఆ బట్టలు వేరే నానబెట్టాలి. ఏళ్ల తరబడి వాటిని ఉతికినదాన్ని, నాకు తెలియదా? ట్యాంకర్ నీళ్లు కింద సంపు తొట్టిలో పడగానే ఒక వంతు అతని ట్యాంకుకు ఎక్కించి మోటరు ఆపేశాను, మా రెండు వంతులు సంపులోనే ఉంచుకుని కావలసినప్పుడు మా ట్యాంకుకు ఎక్కించుకున్నాను.

రెండో రోజే మెట్ల మీదికొచ్చి నిలబడ్డాడు, తల నిండా నురగతో.

"నీళ్లు ఆగినయ్. జెర మోటరెయ్."

"నీ వంతు అయిపోయింది. తలకింత అన్నది నువ్వే గద."

"సబ్బు పెట్టుకున్న."

"తుడుసుకో."

ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత వచ్చిన ప్రతి ట్యాంకర్‌కీ అదే లెక్క. అతని బట్టలు పైన దండెం మీద ఉతక్కుండానే వేలాడేవి. వాటి వాసన కిందికి కొడుతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

పాప అన్నీ చూస్తూనే ఉంది. వేసవి సెలవులు మొదలైన సాయంత్రం తువ్వాలు, బట్టలు స్కూలు బ్యాగులో కుక్కుకుని గడప దాటింది.

"ఎక్కడికే?"

"పైకి. ఇగ పైన ఇద్దరం, కింద నువ్వొక్కదానివే. డాడీకి రెండు వంతులు ఎక్కియ్యి."

ఏడవలేదు, అలగలేదు. బళ్లో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి మెట్లెక్కింది. అన్నం వేళకు దిగుతుందనుకున్నాను. దిగలేదు. నేను లేచి పై ట్యాంకుకు మోటరు వేశాను.

తర్వాతి ట్యాంకర్ వచ్చిన రోజు అతను డబ్బు పట్టుకుని కిందికొచ్చాడు.

"సగం సగం చేసుకుందాం. ఈ తలల లెక్క ఇగ వద్దు."

పంచాయితీలో అతని నోట నేను వినాలనుకున్న మాట అదే. అప్పుడే తీసుకోవాల్సింది. కానీ అంత తేలిగ్గా వదలబుద్ధి కాలేదు.

"నీ దగ్గర ఇద్దరున్నరు. రెండు వంతులు నీవే," అన్నాను.

రెండు వంతులు లెక్కపెట్టి గట్టు మీద పెట్టి పోయాడు. పైన నల్లా తిప్పిన చప్పుడు, పాప నవ్వు వినిపించాయి. నేను నా ఒక్క వంతు తీసి ట్యాంకర్ అబ్బాయికి ఇచ్చాను. ఆ ఇంట్లో నేను అంత తక్కువ ఎప్పుడూ కట్టలేదు.