ట్రయల్ మునిరామయ్య ఆరో తరగతి

మునిరామయ్య ఏ పనైనా ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోనిదే అసలు పని మొదలుపెట్టడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ట్రయల్. పాకాల పక్కనున్న వాళ్ల ఊళ్లో ఆ మాట ఆయనకు ఇంటిపేరులా అతుక్కుపోయింది.

ఈ సంగతి భార్య శకుంతలమ్మకు పెళ్లికి ముందే తెలియాల్సింది. పెళ్లిచూపులకు ముందురోజు ఎవరో ఒకాయన, ఆవును బేరం చేయడానికి వచ్చానని చెప్పి, అరుగు మీద కూర్చుని చెంబెడు మజ్జిగ తాగి వెళ్లాడు. మర్నాడు అదే మనిషి పెళ్లికొడుకుగా దిగాడు.

“ఆవు సంగతి ఏం తేల్చినావప్పా?” అన్నాడు శకుంతలమ్మ నాయన.

“నిన్న దారి ట్రయల్ సూసినా మామా. నిజంగా వచ్చింది ఈ పొద్దే.”

కూతురు భానుశ్రీకి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడూ అంతే. ముందు తన తల అప్పగించాడు. గుండు నిమురుకుని, “గాటు పడలేదు, ఈయన చెయ్యి మంచిది” అని తేల్చాకే బిడ్డను కూర్చోబెట్టాడు.

ఇవన్నీ శకుంతలమ్మ నవ్వుకుని ఊరుకుంది. తొంభై ఎనిమిది వేసవిలో మాత్రం ఆమెకు తల కొట్టేసినట్టయింది. భానుశ్రీ ఊళ్లో ఐదు ముగించింది, ఆరుకు పాకాల హైస్కూలుకు పోవాలి. బడి తెరవడానికి వారం ముందు నుంచి మునిరామయ్య కూతురి సంచీ భుజాన తగిలించుకుని రోజూ పొద్దున్నే బస్సెక్కడం మొదలుపెట్టాడు. చేతిలో పెరుగన్నం క్యారియర్.

“క్యారియర్ ఎందుకయ్యా?”

“మద్యానానికి పులుస్తుందో లేదో సూడాల గదా మే!”

“మునిరామయ్యా, ఈసారన్నా పాసవ్వప్పా!” అని టీకొట్టు కుప్పుస్వామి అరిచేవాడు.

“లెక్కలే కష్టంగా ఉండాయబ్బా!” అని ఈయన బస్సు కిటికీలోంచి జవాబు.

శకుంతలమ్మ దిగులు వేరు. భానుశ్రీ కొత్త మనిషి కనబడితే కొంగు చాటుకు దూరే పిల్ల. చిన్నప్పుడు శకుంతలమ్మా అంతే. ఆరో తరగతికి ఒక్కరోజు పోయి ఏడుస్తూ ఇంటికొచ్చేసింది, మళ్లీ ఎవరూ పంపలేదు. బిడ్డ చదువు కూడా అక్కడే ఆగిపోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టడం లేదు. ఆ భయం చెప్పుకుందామంటే, మొగుడు సంచీ వేసుకుని ఊళ్లో నవ్వులపాలవుతున్నాడు.

బడి తెరిచిన రోజు ఆయన రానన్నాడు. “నా ట్రయల్ అయిపోయింది. నువ్వు పిల్చుకోని పో.”

బస్సెక్కగానే కండక్టర్, “భానుశ్రీ గదా? కిటికీ సీటు నీకే పెట్టినా, కూసో పాపా” అన్నాడు. పాకాలలో దిగితే పూలమ్మే సిద్ధమ్మ, “భానూ, నల్లకుక్కంటే నీకు బయమంట గదా? దాన్ని ఆడ గుంజకు కట్టేసినా, నువ్వు పో!” అంది. బడి గేటు దగ్గర రెండు జడల పిల్ల ఎదురొచ్చింది.

“నువ్వేనా భానుశ్రీ? నేను మహిత. మీ నాయన మా ఇంటికొచ్చి చెప్పినాడు. నా పక్కనే కూర్చో.”

భానుశ్రీ అమ్మ కొంగు వదిలింది. “నీకు గచ్చకాయలు ఆడేది వచ్చునా?” అని అడుగుతూ లోపలికి పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

శకుంతలమ్మ గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయిన కొత్తలో మొగుడితో అన్న మాట గుర్తొచ్చింది. ‘ఆ బడిలో నన్ను పేరు పెట్టి పిలిచినోళ్లు ఒక్కరూ లేరు.’ ఆ మాటను ఆయన ఇన్నేళ్లూ మనసులో పెట్టుకున్నాడు. మొగుడి మీద ఆమెకు ఎన్నడూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

తిరిగొచ్చి ఊళ్లో బస్సు దిగితే, స్టాపు దగ్గర బండ మీద మునిరామయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పాత క్యారియర్.

“బిడ్డ వచ్చేది సాయంత్రం గదయ్యా! ఇప్పుడే ఈడేం చేస్తా ఉండావు?”

“అన్నిటికీ ట్రయల్ సూసినా మే,” అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. “బిడ్డ లేని ఇంట్లో ఉండేదానికి సూడలేదు.”

“జరుగు. నేనూ సూడలేదు.” శకుంతలమ్మ పక్కన కూర్చుని క్యారియర్ అందుకుంది. “పెరుగన్నం పులిసిందేమో సూద్దాం.”