అమావాస్య మర్నాటి ఫోన్

నాకు అబద్ధాలాడటం రాదు. ఒక్క అబద్ధం మాత్రం ఏడాదికి పైగా నెలనెలా ఆడాను.

అనకాపల్లిలో ఒక బెల్లం షావుకారుగారి కొట్లో సర్వర్ చూసుకోవడం నా పని. పెట్టె ఒక్కటే గానీ, లోపల మూడు కంప్యూటర్లు వేరువేరుగా ఉన్నట్టు నడుస్తుంది. మార్కెట్ యార్డులో దించిన బెల్లం దిమ్మల ఫొటోలు వాటిలో ఒకదానికి చేరాలి. రంగు చూడందే పైఊరి కొనుగోలుదార్లు నోరు విప్పరు. పెట్టిన కొత్తలో చిన్న మెసేజ్ టక్కున చేరేది, ఫొటో సగంలో ఆగిపోయేది. కేబుల్ మార్చాను, స్విచ్ మార్చాను, తిట్టడానికి ఇంకెవరూ దొరక్క నన్ను నేనే తిట్టుకున్నాను.

కారణం పట్టినవాడు మా బావ. చుట్టరికం లేదు, పిలుపే. దేవరాపల్లివాడు, అప్పట్లో నాతోనే పనిచేసేవాడు. నా పక్కన స్టూలు వేసుకుని రెండు రోజులు నెట్‌వర్క్ కార్డు సెట్టింగులు ఒక్కొక్కటే ఆపి చూశాడు. తీరా చూస్తే, చిన్న ముక్కలుగా వచ్చే ఫొటోని కార్డే కలిపి పెద్ద కట్టలు కట్టేస్తోంది. ప్రాసెసర్‌కి పని తగ్గిద్దామని దాని మంచితనం. లోపలి కంప్యూటర్లకి దాటించేటప్పుడు ఆ కట్టలు పట్టక పడిపోతున్నాయి. ఒక్క లైను కొట్టి ఆ మంచితనాన్ని ఆపించాడు. ఫొటోలు బిలబిలా వచ్చిపడ్డాయి.

ఆ లైను సర్వర్ ఆగేదాకానే పనిచేస్తుంది, ఆపి మళ్లీ ఆన్ చేస్తే లైను ఇంకోసారి కొట్టాలి. షావుకారుగారేమో అమావాస్యకి కొట్టు మూసి కరెంటు మెయిన్ కూడా దింపేస్తారు. మర్నాడు ఫొటోలు మళ్లీ మొరాయించేవి.

"దీనికి అమావాస్య గాలి తగుల్తందయ్యా," అని ఆయన పెట్టెకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించారు. ఫ్యాన్‌కి అడ్డం వస్తుంటే పక్కకి జరిపాను గానీ, ఆయన మాట కాదనలేదు.

సెట్టింగుల ఫైల్లో ఆ లైను రాసేస్తే ఇక ఎన్నిసార్లు ఆపినా ఫరవాలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా రాయలేదు. అప్పటికే బావ బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. మొదట్లో రోజూ వచ్చే ఫోను వారానికొకటైంది, తర్వాత పండక్కో పబ్బానికో. వాడు లేని ఆ స్టూలు చూస్తే నాకు ఏ పనీ తోచేది కాదు. అందుకని అమావాస్య మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసేవాణ్ణి.

"ఏటి బావా, మళ్లీ మర్సిపోనావా?"

"మర్సిపోనాను బావా."

"రాసుకోమని సెప్పేను గదా!"

"కాయితం ఎక్కడో పోయింది."

వాడు ఒక్కో అక్షరం చెప్పేవాడు, నాకు కంఠతా వచ్చిన లైనుని నేను తప్పులతో కొట్టేవాణ్ణి. ఒక తప్పుకి రెండు నిమిషాలు ఎక్కువ దొరికేవి. ఆ సందులో తిన్నావేటి, అక్కడ వానలున్నాయా, అని అడిగేవాణ్ణి.

ఒక నెల వాడన్నాడు, "నువ్వు లెగు బావా. స్క్రీన్ నాకియ్యి, నేను సేత్తాను." ఇచ్చాను. వాడు అక్కణ్ణుంచే ఏదో కొట్టుకుంటూ ఉంటే నేను వాడి ఊపిరి వింటూ కూర్చున్నాను.

తర్వాతి అమావాస్య మర్నాడు పెట్టె ఆన్ చేశాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఫొటోలు అన్నీ చకచకా ఎక్కేశాయి.

"సూసేవా, నిమ్మకాయ పన్జేసింది," అన్నారు షావుకారుగారు.

నాకు ఒళ్లు మండింది. పెట్టె బాగుపడినందుకు ఏడుపొచ్చిన సర్వర్ మనిషి లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఫైలు తెరిచాను. బావ ఆ లైను శాశ్వతంగా రాసేశాడు. దాని పైన, ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు: "బావా, పని నేకపోయినా ఫోన్ సెయ్యొచ్చు."

నా అబద్ధం ఎన్నాళ్ల నుంచి తెలుసో వాడికి. అది చదివాక మూడు అమావాస్యలు వెళ్లాయి. ప్రతిసారీ వాడి నంబరు తీస్తాను. వాడు ఎత్తగానే ఏమనాలో తెలియక ఫోన్ జేబులో పెట్టేసుకుంటాను.