బ్రేకు మీద నా కాలు

తొంభైల్లో మా అబ్బాయి కోటి పాత లారీ కొన్న కొత్తలో జరిగిందిది. హనుమాన్ జంక్షన్ నుంచి విజయవాడకు ఇటుకల లోడు తెస్తుంటే, బస్సు టిక్కెట్టు దండగని నేనూ ఎక్కాను. బ్రేకు వేసినప్పుడల్లా ముందువైపు కింద ఠంగుమంటోంది. కాలవ వంతెన దిగే వాలులో కోటి బండి ఆపి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు పనిచెయ్యదని ముందు చక్రానికి చెక్క అడ్డం పెట్టాడు.

"అమ్మా, నా సీట్లో కూర్చుని, నేను చెప్పినప్పుడల్లా బ్రేకు తొక్కి వదులు. మోత ఎక్కడో చూస్తా" అని లారీ కిందికి దూరాడు.

ఒకసారి తొక్కి వదిలాను. రెండోసారి తొక్కి వదలగానే చెక్క జారి బండి ముందుకు కదిలింది. బలమంతా పెట్టి తొక్కితే ఠంగుమని ఆగింది.

"కాలు తియ్యకమ్మా! చక్రం చొక్కా మీదికెక్కింది, బయటికి రాలేను!"

నేను పొట్టిదాన్ని. సీటు అంచుకు జరిగితే గానీ బ్రేకు అందదు. దిగి రాయి పెట్టలేను, తొంగి వాణ్ణి చూడలేను. హారన్ నొక్కిపట్టి కూర్చున్నాను.

చివరికి ఆ మోత విని, మా వెనక వస్తున్న లారీ డ్రైవరు మస్తాన్‌గారు బండి ఆపి వచ్చి, చక్రాలకు రాళ్లు పెట్టి, చొక్కా చింపి కోటిని బయటికి లాగారు.

"ఇక కాలు తియ్యండి అమ్మగారూ."

తియ్యలేదు.

"వచ్చేశానమ్మా, ఇదిగో!" అన్నాడు కోటి.

"మోత దొరికిందా?"

"బండి బరువు మోసే కమాన్ పట్టీల బోల్టు వదులైంది."

"అది బిగించాకే తీస్తాను."

వాడే ఎక్కి, రెండు చేతులతో నా పాదం ఎత్తాడు.

మా ఇంట్లో చిరిగిన బట్ట ఏదైనా మసిగుడ్డ కావాల్సిందే. ఆ చొక్కాను అలా వాడడానికి మాత్రం నాకు చేతులు రాలేదు.