గులాబీ గోడకు బూడిద పట్టీ

శ్రీకాకుళంలో నేను పని చూస్తున్న కొత్త ఇంట్లో నిన్న సున్నం తడిపారు. గుల్ల సున్నం నీళ్ళలో ఉడికేటప్పుడు వచ్చే ఘాటు ముక్కుకు తగిలింది. పనివాడు గుప్పెడు కావి పొడి వేసి కర్రతో కలిపితే తొట్టెలో గులాబీ రంగు లేచింది. వెంటనే పైడమ్మ టీచరు గుర్తొచ్చారు, ఆ వెనకే కోపం కూడా వచ్చింది. నాకు చేతిలో పనీ, కంటికి చూపూ ఇచ్చిన మనిషిని తలుచుకుంటే ముందు రావలసింది కోపం కాదు. అయినా ప్రతిసారీ అదే ముందు వస్తుంది. అది ఎవరి మీదో విడదీసి చూసుకుందామని ఇది రాస్తున్నాను.

ఆవిడ విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతూ వాళ్ళ వీధిలోనే ఒక గదిలో అద్దెకుండేవాణ్ణి. బొబ్బిలి దగ్గర పల్లెలో వరి పండించుకునే కుటుంబం వాళ్ళది. అమ్మా నాన్నా పోయాక తమ్ముడు సత్యాన్ని తనతో తెచ్చుకుని చదివించారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగడానికి సాహసించని నోరు ఆవిడది. బడిలో పుస్తకాల తెలుగు మాట్లాడేవారు, గడప దాటి ఇంట్లోకొస్తే ఊరి తెలుగు. నేను ఆ వీధిలోకి వచ్చిన ఏడాదే తన జీతంతో ఇల్లు మొదలుపెట్టారు. ముందు వసారా, నడి గది, దాని పక్కన తూర్పు కిటికీ ఉన్న గది, వెనక వంటిల్లు, సామాన్లకు చిన్న కొట్టు. తూర్పు గది తనకని ముందే చెప్పేశారు. పొద్దుటి వెలుతురులో కూర్చుని బొమ్మలు వేసుకోవాలని ఆవిడ కోరిక. ఆవిడ తనకోసం ఏదైనా కావాలనడం నేను విన్నది ఆ ఒక్కసారే.

పునాది పూజ నాడు పురోహితుడు పీటలు వేయించి, మగదిక్కు ఎవరని అడిగాడు. పెళ్ళికాని ఆడమనిషి ఆ పీటల మీద కూర్చోవడం ఆచారం కాదన్నాడు. సత్యం అప్పటికి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాడు. అతను తుండు భుజాన వేసుకుని కూర్చున్నాడు. స్థలం కూడా అంతకుముందే ఆవిడే అతని పేరున రాయించారు, ఎలాగూ వాడిదే కదా అని. ఆవిడ పందిరి గుంజ పక్కన నిలబడి నాతో అన్నారు.

"నాను కూసుంటే పునాది కుంగిపోతాదట్రా ఇంజినీరూ. నిజవేనేటి?"

"గట్టి నేల టీచరుగారూ, మోస్తుంది."

"మోస్తాదని నువ్వంటే సరిపోద్దేటి, పంతులు అనాల గదా. పోనీలే, కూసున్నంత మాత్రాన ఆడికి కొమ్ములొస్తాయేటి!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదెక్కుతుంది.

గోడలు లేచి, పూత ఆరి, ఎర్ర గచ్చు మెరుగు తేలాక రంగుల మాట వచ్చింది. తన గదికి గులాబీ అన్నారు. నేను తరగతిలో నేర్చుకున్న రంగుల చక్రం తీశాను. ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ, గులాబీ అంటే పలచబడ్డ ఎరుపు, కాబట్టి తలుపులకు ఆకుపచ్చ వేద్దామని లెక్క తేల్చి చెప్పాను. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని చూశారు.

"పైడితల్లి సంబరంలో మిఠాయి కొట్టు సూసేవా? అలగుంటాది. నాను గదిలో పడుకోవాలా, జీళ్ళు అమ్ముకోవాలా?"

తర్వాత అయిదారు రోజులు బడి విడిచాక మా ఇద్దరికీ అదే పని. సున్నంలో రంగు తడి మీద ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుంది. అందుకని కిటికీ పక్కన, తలుపు వెనక, గచ్చుకు ఆనుకుని అరచెయ్యంత అతుకులు వేసి, ఆరాక చూడమనేవారు. గులాబీ పక్కన తెలుపు పెడితే శుభ్రంగానే ఉంది కాని, ఎవరో ఖాళీ చేసి వెళ్ళిన గదిలా ఉంది. నీలం పెడితే గులాబీ జ్వరం వచ్చిన మొహంలా పాలిపోయింది. పసుపు పెట్టినప్పుడు, "తోడికోడళ్ళు. ఇద్దరూ మంచోళ్ళే, ఒక పొయ్యి కాడ నిలబెట్టకు" అన్నారు. చివరకు కొబ్బరిచిప్పల బొగ్గు నూరి సున్నంలో కలిపి, బూడిద రంగు తీశారు. దాన్ని గచ్చు నుంచి నడుమెత్తు వరకు పట్టీగా వేసి, పైన గులాబీ వేశాం. ఎర్ర గచ్చుకూ గులాబీకీ మధ్య ఆ బూడిద రంగు నిలబడగానే గది ఊపిరి తీసుకున్నట్టయింది. "సూసేవా, పక్కనున్నది గోల సెయ్యకపోతే ఇది తన మాట తాను సెప్పుకుంటన్నాది" అన్నారు. బూడిద రంగు చేతికి అంటుకుంటూంటే జిగురు పాళ్ళు కట్టి నిలబెట్టింది నేను. "పరవాలేదు, నీ సదువు జిగురు కాడ పనికొచ్చింది" అని వెక్కిరించారు. అంతకు మించిన మెచ్చుకోలు నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

ఆ గదిలో ఆవిడ ఒక్క ఎండాకాలం ఉన్నారు. ఆ తర్వాత సత్యానికి బొబ్బిలి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల తల్లీ తండ్రీ ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. వసారా బాగుందన్నారు, నడి గది బాగుందన్నారు, తూర్పు గది గుమ్మంలో ఆగిపోయారు.

"గాలీ ఎలుతురూ ఉన్నాయి. పిల్లకి ఈ గది బాగుంటాది" అంది తల్లి. మరుక్షణం కిందికి చూసింది. "ఇదేటమ్మా, గోడకి బూడిద పూసేరు? కొత్త కోడలు అడుగెట్టే గదికి బూడిదేటి? పసుపు ఏయించండి, లచ్చనంగా ఉంటాది."

అది టీచరుగారి గది అని నేనన్నాను. ఇల్లు కట్టించింది ఆవిడేనని కూడా అన్నాను. పిల్ల తండ్రి నా వైపు తిరిగి, కోపం లేకుండా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "ఆడకూతురు పేరు మీద ఇల్లేటి బాబూ? పీటల మీద కూసున్నోడిదే ఇల్లు. అడుగు మీ సత్యాన్ని."

సత్యం నేల చూపులు చూశాడు. టీచరుగారు మజ్జిగ గ్లాసులు తేవడానికి లోపలికి వెళ్ళారు.

సాయంత్రం సత్యం నా గదికి వచ్చాడు. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు, అక్కను అప్పా అనేవాడు. "ఒరే బావా, నువ్వో మాట సెప్పరా. అప్ప నీ మాటయితే ఇంటాది."

"నేను చెప్పను. అది ఆవిడ గది."

"నాను కాదన్నానేటి? మరి కొత్తగా పెళ్ళయినోళ్ళని కొట్లో పడుకోమంటావేటి? నువ్వే సెప్పు."

కొట్లో ఎవరు పడుకోవాలో అతనికి ఆ ప్రశ్నలోనే తేలిపోయింది. సత్యం దుర్మార్గుడు కాడు. ఈ మాట నేను ఇష్టం లేకుండానే రాస్తున్నాను. ఈ రోజుకీ అక్క అంటే తనకు ప్రాణమని అందరికీ చెబుతాడు. దుర్మార్గుడైతే ఆవిడ కొట్లాడి ఉండేవారు. అప్పా అని పిలుస్తూ, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటూ అడిగేవాడితో కొట్లాడటం ఆవిడకు చేతకాలేదు.

పెళ్ళికి ముందు వారం పసుపు రంగు ఆవిడే కలిపారు. కూలీకి ఇద్దామంటే ఒప్పుకోలేదు. తొట్టెలో రంగు మరీ మండిపోతోంది. అందులో కొంచెం కావి తగలనిస్తే గులాబీతో సర్దుకుంటుందని నాకు ఆవిడే నేర్పారు. ఆ మాటే అన్నాను.

"ఒద్దు" అన్నారు, కర్ర ఆపకుండా. "ఆళ్ళడిగింది పసుపు. సర్దుబాటు నాను సేసింది సాలు."

బూడిద పట్టీ మీద రెండు పూతలు వేశాం. ఆరాక ఆ గదిలోకి అడుగు పెడితే కళ్ళు గుంజేవి. పెళ్ళికూతురి తల్లి మాత్రం చూసి, "ఇప్పుడు లచ్చనంగా ఉన్నాది" అంది. టీచరుగారు తన మంచం, రంగుల పెట్టె కొట్లోకి మార్చుకున్నారు. అక్కడ కిటికీ లేదు. వీధిలో వాళ్ళంతా ఎంత త్యాగం, ఎంత త్యాగం అన్నారు. ఆ మాట అనడానికి ఎవరికీ ఏమీ ఖర్చు కాలేదు. నా కోపంలో పెద్ద వాటా వాళ్ళదే అనుకుంటాను. మిగిలినది ఆవిడదే. అంత చూపున్న మనిషి తన పక్కన ఎవరిని నిలబెట్టుకుంటున్నారో ఎందుకు చూసుకోలేదు?

మరుసటి ఏడాది ఆవిడ శ్రీకాకుళం బడికి బదిలీ అడిగి వచ్చేశారు. కొన్నాళ్ళకు నాకూ ఇక్కడే ఉద్యోగం దొరికింది. వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక్క గది, తెల్ల సున్నం పెచ్చులూడుతున్న గోడలు. గోడకు ఒక్క బొమ్మ లేదు. ఆదివారం వచ్చి గులాబీ, బూడిద వేసిపెడతాను, మీరు ఊ అనండి అన్నాను.

"అద్దె గోడలురా. రంగేస్తే బెంగెట్టుకుంటాను. తెల్లగా ఉంటే, పొమ్మన్న నాడు ఎల్లిపోవచ్చు." పొయ్యి వెలిగిస్తూ, "టీ తాగుతావా, లేకపోతే అందులోనూ జిగురు పాళ్ళు కడతావా?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

గులాబీకి ఏ రంగు నప్పుతుందని ఇప్పుడు నన్ను చాలామంది అడుగుతారు. ఆవిడ చెప్పినట్టే చెబుతాను, అతుకులు వేసి, ఆరనిచ్చి చూపిస్తాను. కాని ఏ ఇల్లాలైనా ముచ్చటగా ఇది నా గది అని చూపించినప్పుడు, ఇల్లు మీ పేరున ఉందా అమ్మా అని అడగకుండా ఉండలేను. మగవాళ్ళకు కోపం వస్తుంది. ఒకాయన ఆ ప్రశ్నకే నన్ను పనిలోంచి మాన్పించాడు. అయినా అడుగుతున్నాను. కిందటి నెలలో ఒకావిడను అదే అడిగాను. గులాబీ అతుకు మీద ఆనించిన వేలు వెనక్కి తీసుకుంది.

"అయితే తెల్ల సున్నవే ఏసేయ్ బాబూ" అంది.