తపాల చెక్కకు చిల్లులు

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మోత్కూరు వారపు అంగట్లో మా అమ్మను చూసే ఎవరో ఆ మాట పుట్టించారని నా నమ్మకం. ఆమె మొండితనమంతా తపాల చెక్క మీదే.

బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి, గుండ్రటి అడుగున్న తపాల గిన్నెలో పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టేది. చిల్లుల్లో పల్లినూనె పోసి, మూతపెట్టి, సన్నటి సెగ మీద కాల్చేది. నూనె దిగితేనే నడుమ ఎర్రగా కరకరలాడుతుంది. ఒకటి దించాక తపాల చల్లారేదాకా రెండోది ఒత్తకూడదు. వేడి తపాలకు పిండి పట్టదు, వేళ్లకు బొబ్బలు మాత్రం వస్తాయి. తొందరపడి కాల్చుకున్నదాన్ని గనక గట్టిగా చెప్పగలను.

రోగం తగిలి మా గొర్ల మంద పోయాక ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ చెక్కలే దిక్కు. బాపుకు కూలి దొరికిన రోజు దొరికినట్టు, లేని రోజు లేనట్టు. గంపెడు చెక్కలనూ కల్లు కాంపౌండు గుత్తదారే కొని తాగేవాళ్లకు అమ్ముకునేవాడు. వానల్లేక నూనె పిరమైన ఏడు, ధర కొంచెం పెంచుతానని అమ్మ ఆయనతో చెప్పింది.

"ధర పెంచకు చెల్లే. చిల్లులు జర తక్కువ పెట్టు, నూనె గదే మిగుల్తది. తాగినోనికి ఏం తెలుస్తది?" అన్నాడాయన.

"తాగినోనికి తెల్వకున్నా చేసినదాన్ని, నాకు తెలుస్తది గదన్నా."

ఆయన ఇంకెక్కడి నుంచో అగ్గువకు మురుకులు తెప్పించుకున్నాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని నన్ను వెంటేసుకుని అంగట్లో కూర్చుంది. వచ్చినవాళ్లు ధర అడిగి, "ఒక్క చెక్క గంత పిరమా?" అని మళ్లీ గంపలో పెట్టి పోయారు. మిగిలినవి ఇంటికి తెచ్చుకుని మేమే తిన్నాం. నాకు ఏడుపొచ్చింది.

"గీ వారం చిల్లులు తగ్గియ్యరాదే అమ్మా," అన్నాను.

"బాయిల దుంకుమంటె దుంకుత గని గా పని చెయ్య," అంది.

మరుసటి అంగడికి నోట్లో పండ్లు లేని ఒక అవ్వ వచ్చింది. "బిడ్డా, గీ అంచు మెత్తగుంది, గింత తుంచియ్యి. అంత చెక్క నేనేం జేసుకుంట?" అంది. అమ్మ అంచు తుంచి ఆమె చేతిలో పెట్టింది.

"గీ తుంచిన చెక్కను ఇంకెవలు కొంటరు?" అని నేను గొణుగుతూనే ఉన్నాను, కాంపౌండులోంచి వచ్చిన ఒకాయన ఆగి, "గా ఎర్రటి నడుమ నాకియ్యి," అన్నాడు.

అమ్మ నా వైపు చూసి నవ్వింది. మంద పోయాక ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

అప్పటి నుంచి అంచులు ముసలివాళ్లకు, పసిపిల్లలకు; నడుమలు కల్లు తాగేవాళ్లకు. ధర తగ్గలేదు, చిల్లులూ తగ్గలేదు. గంప అడుగున రాలిన తునకలు అందరికీ కొసరు. ఆ కొసరు కోసమే మళ్లీ వచ్చేవాళ్లున్నారు. కాంపౌండులో మురుకులు అమ్ముడుపోక మెత్తబడుతున్నాయని మాకు చెప్పి నవ్వేవాళ్లూ ఉన్నారు.

ఒక అంగడినాడు గుత్తదారే వచ్చాడు. "చెల్లే, గంపకు గంప నాకే ఇయ్యి. నువ్వు చెప్పిందే ధర."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఎండలో కూర్చునే బాధ తప్పిందనుకున్నాను.

"గంప ఇయ్యనన్నా," అంది అమ్మ. "గీళ్లందరు నాకోసం వస్తాండ్రు. నీకు కావాల్నంటె అందరి లెక్కనే తీస్కపో."

ఆయన ఒక నిండు చెక్క కొన్నాడు. అమ్మ పైసలు కొంగున కట్టుకుని, కొసరు కూడా ఆయన చేతిలో పోసింది. ఆయన చెక్కను తిప్పి తిప్పి చూస్తుంటే అంది:

"చిల్లులు లెక్కవెట్టుకో అన్నా. నీకు గూడ ఒక్కటి తక్కువ వెట్టలే."