చిన్నాన్న, చప్పుడు చేయని ఆటో

మా చిన్నాన్న పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది కరెంటు ఆటో నడిపే సువార్త. రావికమతం బడిలో పాఠం మొదలుపెట్టబోతుండగా ఫోన్ చేసి, "టీచరమ్మా, మావయ్య లేరు. తెల్లారగట్ల నిద్దట్లోనే పోయేరంట" అంది. నేను వెంటనే నమ్మలేదు. పిన్నికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. పక్కింటివాళ్ళకి చేశాను. అవతల ఏడుపులు వినబడ్డాక వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. ఒక నోట విన్నది ఇంకో నోట విని గానీ నమ్మకపోవడం నాకు ఆయన దగ్గరే అబ్బిన అలవాటు.

ఆయన మా నాన్నకి తమ్ముడు. చోడవరం నుంచి వడ్డాది మీదుగా రావికమతం దాకా డీజిల్ ఆటో నడిపేవారు. నాకు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆ ఆటోలోనే బడికి వెళ్ళేదాన్ని. అంత అనుమానం మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బంకుకి వెళ్తే సీటు దిగి మీటరు ముందు నిలబడి, సున్నా మీద వేలు పెట్టి "ఇది సున్నాయే కదా" అని అడిగేవారు. టీకా వేయించుకున్న రోజున నర్సు చేతిలో సీసా తీసుకుని వెలుగుకి ఎత్తి చూశారు. అందులో ఏం కనబడిందని అడిగితే, ఏమీ కనబడలేదనీ, తను చూసినట్టు నర్సుకి కనబడితే చాలనీ అన్నారు.

పొద్దున్నే బండి తీసేముందు హ్యాండిల్ మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ఆమెన్ అన్నాక దిగి బ్రేకు మళ్ళీ ఒకసారి చూసుకునేవారు. దేవుడి మీద నమ్మకం లేదా చిన్నాన్నా అని నవ్వితే, "దేవుణ్ణి నమ్మేను. మెకానిక్కుని నమ్మలేదు" అనేవారు.

అలాంటి మనిషి కాలంలోకి కరెంటు బండ్లు వచ్చాయి. మా వైపు ముందు వచ్చినవి బండ్లు కావు, వాటి మీద పుకార్లు. ఎక్కడో రోడ్డు పక్కన స్కూటరు తగలబడుతున్న వీడియో ఒకటి అందరి ఫోన్లలోకీ చేరింది. చిన్నాన్న దాన్ని ఆటో ఎక్కిన ప్రతివాళ్ళకీ చూపించేవారు. చెరకు తోటకి మందు కొట్టడానికి వెళ్ళేవాళ్ళు, వడ్డాది సంతకి కూరగాయల గంపలతో వచ్చేవాళ్ళు, అందరూ తలో మాట కలిపేవారు. వానలో తడిస్తే షాకు కొడుతుందని ఒకరు. బ్యాటరీ పోతే బండి మొత్తం పోయినట్టేనని ఒకరు. ఇప్పుడు కొనిపించి, అందరూ కొన్నాక కరెంటు రేటు పెంచేస్తారని ఒక పెద్దాయన. ఆ మాటకి మాత్రం ఆటో అంతా తలూపింది.

నేను బడిలో పిల్లలకి సౌరశక్తి, గాలిమరల పాఠం చెబుతాను. ఆ పాఠంలో ఉన్నది చిన్నాన్నకీ చెప్పాను. కరెంటు బండి పొగ వదలదు అన్నాను. ఆ కరెంటు దేంతో తీస్తారని అడిగారు. మనకి ఇప్పటికీ ఎక్కువ బొగ్గుతోనే అన్నాను. "అయితే పొగ మన రోడ్డు మీద కాకుండా ఇంకోడి ఊళ్ళో వస్తాదన్నమాట" అన్నారు. దానికి నా దగ్గర జవాబుంది. బొగ్గు తగ్గించి సూర్యుడి మీదికి మారే కొద్దీ ఆ పొగా తగ్గుతుందని చెప్పాను. ఆయన విన్నారు గానీ ఒప్పుకోలేదు. మార్చేవాడు ఎవడో, మారడం వల్ల ఎవడు బాగుపడతాడో తెలిస్తే అప్పుడు చూద్దామన్నారు. ఆ విషయంలో మేమిద్దరం చివరిదాకా ఒక మాట మీదికి రాలేదు.

సువార్త మా చర్చి మనిషే. భర్త చనిపోయాక కొన్నాళ్ళు మిషను కుట్టింది. తర్వాత మహిళా సంఘంలో అప్పు తీసుకుని కరెంటు ఆటో కొంది. చోడవరం స్టాండులోకి ఆ బండి వచ్చిన రోజున డ్రైవర్లందరూ లేచి నిలబడ్డారు. చప్పుడు లేకుండా వచ్చి పక్కన ఆగేసరికి ఎవరికీ వినబడనే లేదు. వరసలో ఆమెకి చోటిచ్చేది లేదన్నారు. ఆ మాట ఆమెతో చెప్పవలసింది స్టాండుకి పెద్ద అయిన చిన్నాన్న. నేను ఆటోలోనే కూర్చుని ఉన్నాను.

"నీ మీద కోపం కాదమ్మా. ఆ బండి దారి మద్దిలో ఆగిపోతే రేపు మా లైనులో ఎవరూ ఎక్కరు. కొన్నాళ్ళు బయట నడుపుకో. నేను సూస్తాను" అన్నారు.

సువార్త బండి వెనక్కి తిప్పింది. రోడ్డుకి అవతల టీ కొట్టు పక్కన బండి పెట్టుకుంది. వరసలో నిండిన ఆటోలు పోయాక మిగిలినవాళ్ళు ఆమెకి. ఆ మిగిలినవాళ్ళు కూడా బండి చుట్టూ తిరిగి చూసి, ఇంజన్ ఎక్కడుందని అడిగి, వెనక్కి వచ్చేసేవారు. ఖాళీ బండిలో ఆమె ముందు సీటు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళ ముఖాలు చూస్తుండేది. చూస్తానన్న మాట చిన్నాన్న నిలబెట్టుకున్నారు. ఆమె బండి కనబడితే చాలు వెనకే పోయేవారు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతోందా, బరువుకి వంగుతోందా అని గమనించేవారు. ఆగిపోతుందని ఎదురుచూస్తున్నారేమో అని నాకు అనుమానం వచ్చేది.

వానాకాలంలో ఒక పొద్దున అది నిజంగానే ఆగింది. ముందురోజు గాలివానకి రాత్రంతా కరెంటు సరిగ్గా లేదు. వడ్డాది ఇంకా కొంచెం దూరం ఉందనగా సువార్త ఆటో రోడ్డు అంచున నిలిచిపోయి ఉంది. లోపల నిండు గర్భిణి, ఆవిడ తల్లి. ఆసుపత్రికి చూపించుకోవడానికి బయలుదేరినవాళ్ళు. మా ఆటోలోవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. మేం ముందే అనుకున్నాం అన్నది ఎవరూ పైకి అనకపోయినా అందరి ముఖాల్లోనూ ఉంది.

చిన్నాన్న బండి దిగి వానలోనే వెళ్ళి, కరెంటు ఎంతసేపు వచ్చిందని అడిగారు. తెల్లారేముందు కాసేపు వచ్చి మళ్ళీ పోయిందని ఆమె చెప్పింది. వడ్డాది వరకు సరిపోతుందనుకుందట. చిన్నాన్న తిడతారని ఎదురుచూస్తున్నట్టు నిలబడింది. ఆయన మా ఆటోలో ఇద్దరు మగవాళ్ళని దింపి, ఆ తల్లీకూతుళ్ళని ఎక్కించారు. సీటు కింద నుంచి తాడు తీసి, ఆ బండిని తన బండికి కట్టారు. వడ్డాదిలో కరెంటు ఉన్న ఒక హోటలు ముందు ఆపి, హోటలాయనతో మాట్లాడి, గోడకున్న ప్లగ్గులో ఆమె వైరు పెట్టించారు. గర్భిణిని ఆసుపత్రి దగ్గర దింపి, నన్ను బడి దగ్గర దింపి, మళ్ళీ ఆ హోటలుకే వెళ్ళారట. ఎందుకని సాయంత్రం అడిగాను. హోటలాయన మధ్యలో ప్లగ్గు పీకేస్తాడేమోనని కాపలా కూర్చున్నానన్నారు.

మర్నాడు స్టాండులో డ్రైవర్లు ఆ మాటే మొదలుపెట్టారు. ఆగిపోయే బండిని వరసలోకి ఎలా రానిస్తామన్నారు. చిన్నాన్న అందరినీ మాట్లాడనిచ్చి, చివర లేచారు.

"బండి ఆగింది. నిజమే. మన బండ్లు ఆగలేదేటి? ఆగితే ఏటి సేసేం, తాడు కట్టేం. ఆవిడికీ కడదాం" అన్నారు. తర్వాత సువార్త వైపు తిరిగి, "నీ బండిని నేనింకా నమ్మలేదమ్మా. నిన్ను నమ్మేను. రేపటి నుంచి వరసలో పెట్టు" అన్నారు.

కొందరు ఆయన మీద కోపంగానే ఉన్నారు. ఆడమనిషి మీద జాలిపడి లైను పాడుచేశాడని ఒకాయన చాలా రోజులు పలకరించలేదు. అయినా సువార్త బండి వరసలోకి వచ్చింది. ప్రయాణికులు మాత్రం ఎక్కేముందు చిన్నాన్న వైపు చూసేవారు. ఆయన తలూపితే ఎక్కేవారు.

ఆ తర్వాతే చర్చి మీద సోలార్ పలకలు పెట్టే మాట వచ్చింది. చర్చి కమిటీలో చిన్నాన్న ఒకరు. పగటిపూట అక్కడ సువార్త బండికి చార్జింగ్ పెట్టుకోవచ్చని పాస్టరుగారు ఆశపడ్డారు. పలకలు అమ్మడానికి వచ్చినతను చాలా చక్కగా మాట్లాడాడు. కరెంటు బిల్లు మాటే మరిచిపోవచ్చన్నాడు. అన్నీ విని చిన్నాన్న ఒక్కటే అడిగారు, చెడిపోతే ఎవరి గుమ్మం తట్టాలని. అతను ఫోన్ నంబరు ఇచ్చాడు. నంబరు వద్దు, మనిషిని చూపించమన్నారు. అతను మళ్ళీ రాలేదు. కమిటీలో మిగతావాళ్ళు విసుక్కున్నారు. చేతికొచ్చిన మంచిని చెడగొట్టాడన్నారు. కొన్నాళ్ళకి ఇంకొకతను వచ్చాడు. బాగుచేసే మనిషిని అనకాపల్లి నుంచి వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. చిన్నాన్న ఆ మనిషితో కలిసి వాళ్ళింటికి వెళ్ళి, ఇల్లు చూసి, మంచినీళ్ళు తాగి వచ్చాక గానీ సరేననలేదు.

ఆ మరుసటి గాలివానకి పలకలు పనిచేయడం మానేశాయి. అనకాపల్లి మనిషి ఫోను ఎత్తలేదు. చిన్నాన్న మొదటి బస్సుకి వెళ్ళి, అతని వీధి అరుగు మీద కూర్చున్నారు. అతను లోపల ఉండి లేడని చెప్పిస్తున్నాడని ఆయన అనుమానం. నిజానికి అతను వేరే ఊళ్ళో పనిమీద ఉన్నాడు, ఫోను వానలో తడిసి పాడైంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి, అరుగు మీద చిన్నాన్నని చూసి, భోజనం కూడా చేయకుండా సామాను పట్టుకుని వెంట వచ్చాడు. అతన్ని అనవసరంగా అనుమానించావు కదా అన్నాను. "అనుమానించేను కాబట్టే ఇల్లు తెలిసింది" అన్నారు. ఆ మాటకి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళు మండిపోయింది కూడా.

ఆయన ఎన్నడూ బీడీ కాల్చలేదు. అయినా దగ్గు పట్టుకుంది. చోడవరంలో మందులు వాడినా తగ్గలేదు. అనకాపల్లి డాక్టరుగారు ఏం పని చేస్తారని అడిగారు. డీజిల్ ఆటో అని చెబితే చాలాసేపు ఏదో రాసుకున్నారు. బయటికి వచ్చాక చిన్నాన్న, "ఆయనకీ తెలీదు అమ్మీ. తెలీనప్పుడే అంత రాస్తారు" అన్నారు. ఆ పొగే ఈ దగ్గయిందని నేను ఇప్పటికీ అనుమానపడుతున్నాను. ఆ అనుమానం ఆయన దగ్గర పైకి అనలేదు. ఎవరు చెప్పారు అని అడిగేవారు. ఫలానావాళ్ళని చెప్పడానికి నా దగ్గర ఎవరూ లేరు.

తర్వాత డీజిల్ వాసన తగిలితే చాలు దగ్గు తెర ఆగేది కాదు. తన ఆటోని తనే ఎక్కలేకపోయారు. దాన్ని అమ్మేశారు. కొన్నతను ఇంజను చప్పుడు వినిపించమంటే, వద్దులే తీసుకుపో అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆఖరిసారి ఆసుపత్రికి సువార్తే తీసుకెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. ఎక్కేముందు చార్జింగు ఎంతుందని అడిగారు. నిండా ఉందంది. మీటరు అద్దం దగ్గరికి వంగి తనే చూసుకున్నారు. అనకాపల్లి పోయి రావడానికి సరిపోతుందా అన్నారు. రోజూ పోయి వస్తన్నాను మావయ్యా అంది. అప్పుడు ఎక్కారు.

ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరకు తోటలు. కోతకి వచ్చి, పూత తెల్లగా విరగబూసి ఉంది. గాలి వీస్తోంది. చిన్నాన్న ఒక చేత్తో పక్క కమ్మీ పట్టుకుని తల బయటికి పెట్టారు. దగ్గు వస్తోందేమోనని నేను నీళ్ళ సీసా తీశాను. వద్దని చెయ్యి ఊపారు.

"ఇన్నేళ్ళు రోడ్ల మీదే తిరిగేను. సెరకు ఇంత సప్పుడు సేస్తాదని తెలీదు అమ్మీ" అన్నారు.

సువార్త వెనక్కి చూడకుండానే వేగం కొంచెం తగ్గించింది. ఎండిన ఆకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు మాతో పాటే వస్తోంది. ఆయన చెవి ఆ వైపే ఉంది. తెల్లటి పూత గాలికి మొత్తం ఒక పక్కకి వంగి, మళ్ళీ లేస్తోంది.